నూకరత్నం నోటికి మూత

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నూకరత్నం నోరు మంచిదో కాదో భీమిలి చేపల బజారులో ఎవరూ తేల్చి చెప్పలేరు గానీ, పెద్దదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. బేరంలో ఆవిడతో గెలిచినవాళ్లు తక్కువ, తగవులో గెలిచినవాళ్లు అసలే లేరు. అంత నోటినీ ఆవిడ ఎప్పుడూ ఖాళీగా ఉంచేది కాదు. మాటలు లేనప్పుడు అందులో చుట్ట ఉండేది. అదైనా మామూలుగా కాదు, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి, చల్లటి కొస బయటికి. రెండు చేతులూ చేపల పనిలో ఉన్నప్పుడు నుసి మీద రాలదనీ, సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదనీ ఆ తీరం వెంట ఆడవాళ్లు తరతరాలుగా అలాగే కాలుస్తున్నారు.

‘నోరు తెరు అత్తా, ఒక్కసారి లైటేసి చూస్తాను’ అని ఏళ్ల తరబడి బతిమాలుతున్న మనిషి ఆవిడ కోడలు పైడమ్మ. కోడలే కాదు, సొంత తమ్ముడి కూతురు కూడా. తల్లి పోయిన పిల్లను చంకనేసుకుని బజారుకు తీసుకెళ్లి, చేపల బుట్టల మధ్య పెంచి, చదువు మీద ఆశ చూసి చదివించి, చివరికి కొడుకు ఎల్లాజీకి ఇచ్చి పెళ్లి చేసింది. ఎల్లాజీ పడవల డీజిలు ఇంజన్లు బాగుచేస్తాడు. పైడమ్మ విశాఖపట్నంలో, కొండ మీది పరిశోధనశాలలో, క్యాన్సర్ కణాలు ఎందుకు చావవో చూస్తుంది. ‘ఆగిపోయినవాటిని మా బావ నడిపిస్తాడు, ఆగనివాటిని ఆపే పని నాది’ అని నవ్వుతూ చెప్పేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎల్లాజీ ఏదో వెటకారం ఆడాడు. నూకరత్నం తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వింది. ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతున్న పైడమ్మకు ఆ నవ్వులో అంగిలి మొత్తం కనిపించింది. తెల్లటి మచ్చ, దాని నడుమ ఎర్రటి పుండు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఏటే గుంటా, అలగ సూత్తన్నావు? నా నోట్లో సేపలున్నాయేటి?” అంది నూకరత్నం.

పైడమ్మకు నవ్వు రాలేదు. రోజూ మైక్రోస్కోపు కింద చూసే శత్రువు, తనకు గోరుముద్దలు పెట్టిన మనిషి నోట్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది. మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అనుమానం నిజమైంది. అంగిలి కోసి తీసేయాలన్నాడు డాక్టరు. తీసేస్తే నోటికీ ముక్కుకూ మధ్య అడ్డుగోడ ఉండదు. తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. కృత్రిమ పలక అమర్చినా మాట పాత మాటలా ఉండదు. తీయకపోతే ప్రాణమే ఉండదు.

“కోసీడాలు గీసీడాలు నాకాడ కుదరవు. నోరు లేని నూకరత్నం ఎవులికి కావాలే? సేపలకా?” అని ఆవిడ లేచి వచ్చేసింది. ఆవిడ అంత తేలిగ్గా అనేసిన మాట పైడమ్మ గుండెలో మేకులా దిగింది. ఎందుకంటే వేరే దారి ఒకటుందని ఆమెకు తెలుసు. ఆ దారిలో ఇంతవరకూ ఎలుకలు తప్ప మనుషులెవరూ నడవలేదు.

ఆ దారి దొరికిన తీరు చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

పరిశోధనశాల పెద్ద గంగాధర్ గారు. కణాల శాస్త్రంలో ఆయన మాటకు తిరుగు లేదు. రాహుకాలంలో మాత్రం ఏ యంత్రాన్నీ ఆన్ చేయనివ్వరు. అంతకు రెండేళ్ల ముందు దసరాకు ఆయన ప్రయోగశాలలో ఆయుధపూజ ఘనంగా చేయించారు. మైక్రోస్కోపులకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టారు. కణాలను వెచ్చగా దాచే ఇంక్యుబేటర్ తలుపుకు అడ్డంగా బంతిపూల దండ కట్టి, “పూజ చేసిన పనిముట్టును ఇవాళ ఎవరూ ముట్టుకోవద్దు. రేపు పొద్దున్న నేనే దండ తీస్తాను” అని హుకుం జారీ చేశారు.

“సార్, లోపల నా కణాలున్నాయి. వాటిని కడగాలి” అంది పైడమ్మ.

“కణాలు మాత్రం మనుషులు కావటమ్మా? వాటికీ పండగే. పో, ఇంటికి పోయి బూరెలు తిను.”

పైడమ్మ పెద్దగా పేచీ పెట్టలేదు. ఆమె పుట్టి పెరిగిన చోట దసరా నాడు పడవ ఇంజన్లకూ, ఎల్లాజీ రెంచీలకూ కూడా సెలవే. ఇంక్యుబేటర్‌లో ఆమె పళ్లేల్లో మంచి కణాలూ క్యాన్సర్ కణాలూ పక్కపక్కనే పెరుగుతున్నాయి. మంచివాటికి ఆయువు తీరే మందు వేసి, అవి చనిపోతుంటే పక్కనున్న క్యాన్సర్ కణాలు ఏం చేస్తాయో చూడటం ఆమె పని. అవి ఏమీ చేసేవి కావు, నిక్షేపంలా పెరిగేవి. ప్రతి ఉదయం తేలిన చచ్చిన కణాలను కడిగి పారబోసి, కొత్త పోషకద్రవం పోయాలి. ప్రయోగశాలలో కాలు పెట్టిన ప్రతి విద్యార్థికీ నేర్పే మొదటి పాఠం అది, శుభ్రం.

ఆ ఒక్క రోజు కడగలేదు. మర్నాడు దండ తీసి తలుపు తెరిచి, కుళ్లు వాసనకు సిద్ధపడి ముక్కు మూసుకుని పళ్లెం చూసింది పైడమ్మ. మరునిమిషం ముక్కు మీద చెయ్యి తీసేసి కళ్లు నులుముకుంది. క్యాన్సర్ కణాలు గుంపులు గుంపులుగా ముడుచుకుని రాలిపోయి ఉన్నాయి. గంగాధర్ గారైతే పళ్లెంలో బంతిపువ్వు రేకేదైనా పడిందేమోనని భూతద్దం పెట్టి మరీ వెతికారు. రేకూ లేదు, మాయా లేదు. మళ్లీ చేసి చూశారు. కడిగిన పళ్లెంలో క్యాన్సర్ బతికేది, కడగని పళ్లెంలో చచ్చేది. ఫలితాలు ప్రచురించేటప్పుడు కృతజ్ఞతల్లో అమ్మవారి పేరు వేయాల్సిందేనని ఆయన పట్టుబట్టారు. ఆయనను ఆపేసరికి పైడమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

అత్త ఆసుపత్రి నుంచి అలా లేచి వచ్చేసిన సాయంత్రం, పైడమ్మ ఈ సంగతంతా ఆవిడకు చెప్పింది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని నెత్తళ్లకు ఉప్పు పట్టిస్తున్నారు. ఇంట్లో అడుగు పెట్టగానే పైడమ్మ నాలుక కూడా భీమిలి నాలుకైపోయేది.

“మన ఒంట్లో కనాలకి పుటక ఎలగో సావూ అలగే రాసుంటాదత్తా. టైమొస్తే ఎవులూ సంపక్కర్లేదు, వోటంతటవే సర్దుకుని ఎలిపోతాయి. ఎలిపోతా పక్కనోలికి కబురెడతాయి.”

“ఏటని?”

“‘నా పనయిపోనాది, మీలో పాడైనోలెవులైనా ఉంతే మీరూ ఎలిపోండి’ అని. మంచియ్యి ఆ కబురింటాయి. కేన్సరు కనాలు ఇనవు.”

నూకరత్నం ఉప్పు చేతిని గాల్లో ఆపి ఆలోచించింది. “పేటలో సావయితే ఆ రోజు ఎవులూ ఏటకెల్లరు. సావు కబురిన్నాక కూడా తెప్పేసుకుని ఎలిపోయే ఎదవలన్నమాట ఇయ్యి.”

“అచ్చం అలాటి ఎదవలే.” (ఈ మాటను పైడమ్మ గంగాధర్ గారికి చెబితే ఆయన ఆ తర్వాత రెండు మూడు సభల్లో తన సొంత మాటలా వాడుకున్నారు.)

“మరి సెవిటోలికి కబురెలగ ఇనిపిత్తావు?”

“కబురు సెదిరిపోకుండా ఆడే నిలబెట్టాలి. ఇన్నాల్లూ మేవే కడిగి పారబోసీవోలం. నీ నోట్లో అయితే ఎంగిలి కడిగేత్తాది. అందుకని పుండు సుట్టూ ఉన్న మంచి కనాల్ని కొన్నిటిని మందేసి ముందు పంపించేత్తాం. దానిమీద మెత్తటి మూతెడతాం. కబురు మూతకింద ఊరతాది. ఊరి ఊరి, సెవిటోలికి కూడా ఇనిపిత్తాది.”

నూకరత్నం మొహం చిట్లించింది. “మంచివోటిని సంపీడమేటే? అయ్యేం పాపం సేసినాయి?”

పైడమ్మ తలొంచుకుని, దాచకుండా మిగతాది కూడా చెప్పేసింది. “ఆ సోట ఇంకెప్పుడూ ఏడి తెలీదు. సుట్ట నోట్లో ఎట్టుకున్నా ఆరిపోయిన బొగ్గుముక్క ఎట్టుకున్నట్టే ఉంటాది.”

ఆవిడ ఇంకో గుప్పెడు ఉప్పు తీసుకుంది. “ఇంకేటి?”

“మూతున్నన్నాల్లూ ముక్కులోంచి గొట్టంతోటే గంజి. ఇంకోటి... మాటాడకూడదు. నాలిక తగిల్తే మూత కదిలిపోతాది.”

వాకిట్లో ఇంజను విప్పుకుంటున్న ఎల్లాజీ చేతిలోంచి స్పానరు జారిపోయింది. “మాయమ్మ మాటాడకూడదా? ఈ మందు కనిపెట్టినోలికి దండెయ్యాలే!” అన్నాడు. నూకరత్నం అతని మీదికి ఉప్పు గడ్డ విసిరింది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆవిడ కోడలి గడ్డం పట్టుకుని, “నువ్వెట్టే మూతేనా?” అని అడిగింది.

“నానే తయారు సేసింది.”

“అయితే ఎట్టీ.”

అనుమతులిచ్చే కమిటీ సవాలక్ష ప్రశ్నలు వేసింది. మొదటి రోగి శాస్త్రవేత్త అత్తగారే కావడం వాళ్లకు మింగుడు పడలేదు. చివరికి వైద్యమంతా ఆసుపత్రి డాక్టరు చేతుల మీదుగా జరగాలని, పైడమ్మ నమూనాలు పరీక్షించడం వరకే ఉండాలని షరతు పెట్టి ఒప్పుకున్నారు. గంగాధర్ గారు పంచాంగం చూసి మంచి రోజు పెట్టారు. డాక్టరు ఆ రోజే మూత అమర్చాడు, తనకు ఆ రోజు తీరిక ఉంది గనక.

భీమిలి చేపల బజారు అంతటి నిశ్శబ్దాన్ని ఎన్నడూ ఎరగదు. మొదట్లో జనం భయపడ్డారు. తర్వాత సరదాపడ్డారు. నూకరత్నం ఇంట్లో కూర్చోలేదు. ముక్కుకు గొట్టం, నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకుని యథాప్రకారం బుట్ట ముందు బాసింపట్టు వేసింది. ఎప్పుడూ ఆవిడ చేతిలో ఓడిపోయే ఎదురు బుట్ట బంగారమ్మ ఇదే అదను అనుకుని పాత తగవులన్నీ తిరగదోడింది. నూకరత్నం ముందు వేలెత్తింది. తర్వాత చేతులు తిప్పింది. ఆ తర్వాత ఒక చందువా చేపను తోక పట్టుకుని ఎత్తి, దాని మొహం బంగారమ్మ వైపు తిప్పి, దాని నోరు రెండు వేళ్లతో తెరిచి మూసి తెరిచి మూసింది. బజారంతా కడుపు పట్టుకుని నవ్వింది. బంగారమ్మ కూడా నవ్వేసింది. ఆ రోజు నుంచి నూకరత్నం చేపలకు కేకలు కూడా తనే వేసిపెట్టేది.

బజారులో ఇంత వినోదం నడుస్తుంటే, కొండ మీద పైడమ్మకు మాత్రం నిద్ర కరువైంది. ప్రతి ఉదయం నర్సు ఇంటికి వెళ్లి, మూత అంచు నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పంపేది. మొదటి నమూనాల్లో క్యాన్సర్ కణాలు ముడుచుకోవడం కనిపించింది. పైడమ్మ ఎగిరి గంతేసింది. ఆ తర్వాత ముడుచుకోవడం ఆగిపోయింది. ఇంకొన్నాళ్లకు అవి మళ్లీ నిగనిగలాడుతూ కనిపించాయి. కబురు చేరడం లేదు, ఎక్కడో కారిపోతోంది.

‘అత్త చాటుగా మాట్లాడుతోంది’ అనుకుంది పైడమ్మ. ఇంకేమై ఉంటుంది? ఆ నోరు ఊరుకోవడమే వింత. దొంగను పట్టుకోవాలని ఒక ఉదయం పూట వరకు సెలవు పెట్టి, తలుపు చాటున కాపు కాసింది. నూకరత్నం నిద్ర లేచింది, పిల్లిని చేత్తో అదిలించింది, గుమ్మంలోకి వచ్చిన పాలవాడికి వేళ్లతో లెక్క చెప్పింది. ఒక్క మాట లేదు. అంతలో నర్సు వచ్చి, నోరంతా ఉప్పునీళ్లతో శుభ్రంగా పుక్కిలింపజేసి, నమూనా తీసుకుని వెళ్లింది. ఎంత పద్ధతిగా చేస్తోందో అని పైడమ్మ మెచ్చుకుంది కూడా.

మధ్యాహ్నం ప్రయోగశాలకు వెళ్లి, అలవాటుగా పళ్లెం చేతిలోకి తీసుకుని, కడగబోయి, ఆగిపోయింది.

ఉప్పునీళ్లు.

నమూనా తీసేముందు నోరు కడగాలని నర్సుకు రాసిచ్చింది ఎవరు? తనే. దసరా నాటి పూలదండ అడ్డుపడి ఆపిన తప్పును, ఏ దండా అడ్డు లేకుండా, అత్త నోట్లో రోజూ తనే చేయిస్తోంది. మూత కింద ఊరిన కబురును పొద్దున్నే పుక్కిలించి ఉమ్మేయిస్తోంది. ఆ పైన నేరం అత్త మీదికి నెట్టి, తలుపు చాటున కాపు కాసింది. పైడమ్మ అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. గంగాధర్ గారు వచ్చి, సంగతి విని, భుజం తట్టి, “శుభ్రం మనకు దెయ్యంలా పట్టిందమ్మా. నేను మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టలేదా?” అన్నారు. జరిగింది డాక్టరుకూ కమిటీకీ ఆయనే ఫోన్ చేసి చెప్పారు. పుక్కిలింత ఆపేసి కొత్త మూతతో మళ్లీ మొదలుపెట్టవచ్చు, అయితే రోగి ఒప్పుకోవాలి.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడం ఎంత కష్టమో అనేవాళ్లకు తెలియదు. పైడమ్మ ఇంటికి వెళ్లి, అత్త కాళ్ల దగ్గర కూర్చుని చెప్పింది.

“నువ్వు మాటాడేత్తన్నావనుకున్నానత్తా. తప్పు నాదే. ఇన్నాల్ల నీ మౌనం నానే కడిగి పారబోసినాను. మల్లీ మొదట్నించీ కూకోవాల. నువ్వొద్దంతే బలవంతెట్టను, ఆపరేసను సేయించుకుందాం.”

నూకరత్నం చెయ్యెత్తి కోడలి నెత్తిన ఠంగుమని ఒక మొట్టికాయ వేసింది. నొప్పి పుట్టేలాగే వేసింది. మరుక్షణం అదే చేత్తో అక్కడ నిమిరింది. నిమిరి, తన నోటికున్న గుడ్డను చూపించింది. వేలు తిప్పి పైడమ్మ నోటిని చూపించింది. రెండు పెదాలూ గట్టిగా బిగించి చూపించింది.

పైడమ్మకు అర్థం కాలేదు. పక్కనే ఇంజను తుడుచుకుంటున్న ఎల్లాజీకి అర్థమైంది. అతను నేల మీద దొర్లి నవ్వాడు.

“నానొక్కద్దాన్నే ఎందుకుండాల, నువ్వూ నోరు మూసుకో అంతంది. అంతేనేటమ్మా?”

నూకరత్నం ఠీవిగా తలూపింది.

అలా ఆ ఇంట్లో అత్తా కోడళ్లిద్దరికీ మూత పడింది. పైడమ్మ కొండ మీద ఎంత మాట్లాడినా, గుమ్మం తొక్కగానే పెదాలు కుట్టేసుకోవాలి. తప్పితే మొట్టికాయ. ఒకసారి పోపు మాడుతుంటే “బావా, పొయ్యి!” అని అరిచినందుకు కూడా మొట్టికాయ పడింది. మొదట్లో ఆమెకు ఊపిరాడలేదు. రాను రాను అత్త చేతులు చదవడం వచ్చింది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని ఏ దారిన బజారుకు నడిచేదో, తమ్ముడు పడవ దిగగానే కూతుర్ని ఎలా ఎగరేసేవాడో, ఆవిడ వేళ్లతో, కళ్లతో చెప్పుకొచ్చింది. నోటితో అయితే ఆ మాటల మధ్య పది తిట్లు దూరేవి. ఇద్దరు ఆడవాళ్ల మౌనం మధ్య ఎల్లాజీ ఒక్కడే మాట్లాడి మాట్లాడి విసిగిపోయి, పడవల దగ్గర ఇంజన్లు చప్పుడు చేస్తాయని అక్కడికే వెళ్లి కూర్చునేవాడు.

ఈసారి నమూనాల్లో కణాలు ముడుచుకోవడం ఆగలేదు. పైడమ్మ రోజూ మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూసేది, ఒకటి ముడుచుకుంటే పక్కది, దాని పక్కది. ఫలితం ఇంట్లో నోటితో చెప్పే వీల్లేదు గనక, వాకిట్లోంచే రెండు చేతులూ ఎత్తి గంతులేస్తూ వచ్చేది. నూకరత్నం కూర్చున్న చోటే భుజాలు కదుపుతూ ఎగిరేది. కానీ రోజులు గడిచేకొద్దీ ఆవిడ చిక్కిపోయింది. ముక్కులోంచి పోసే గంజికి మనిషి సగమైంది. ఇంకా ఎన్నాళ్లని చూపుతో అడిగినప్పుడల్లా పైడమ్మ మిగిలిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించేది.

మూత తీసే రోజున గంగాధర్ గారు కూడా ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు సన్నటి పట్టకారుతో మూత అంచు పట్టి మెల్లగా లేపాడు. లైటు వేశాడు. తెల్లమచ్చ లేదు, పుండు లేదు. కొత్త చర్మం చంటిపిల్లల పెదవిలా లేత గులాబీ రంగులో ఉంది. అక్కడక్కడా తీసిన ముక్కలు అప్పటికప్పుడే పరీక్షకు వెళ్లాయి. ఫలితం వచ్చేదాకా అందరూ ఆ గదిలోనే బల్లల మీద కూర్చున్నారు. చివరికి డాక్టరే కాగితం పట్టుకుని నవ్వుతూ లోపలికి వచ్చాడు. చెవిటి కణం ఒక్కటి కూడా మిగల్లేదు.

“ఇక మాట్లాడండమ్మా” అన్నాడు.

నూకరత్నం నాలుకతో అంగిలిని తడిమి చూసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నోరు మూసుకుంది.

“అమ్మా, ఏటైనా అనే. తిట్టైనా తిట్టు” అన్నాడు ఎల్లాజీ.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. లేచి, చీర సర్దుకుని, వరండాలోకి నడిచింది. వెనక పైడమ్మ కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. ప్రాణం దక్కింది. మాట పోయిందా? ఇన్నాళ్లు మూసి ఉంచితే గొంతే మరిచిపోయిందా?

వరండాలో రోగులు బారులు తీరి ఉన్నారు. చివరి బెంచీ మీద ఒక నడివయసు ఆడమనిషి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె వేళ్లకు చుట్ట పొగ మరక. లోపలి నుంచి పేరు పిలిచారు. ఆమె లేచింది. డాక్టరు గది వైపు ఒకసారి చూసింది. గిరుక్కున తిరిగి, గేటు వైపు గబగబా నడిచింది.

నూకరత్నం చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఏటే, ఎక్కడికే పారిపోతన్నావు?”

మొదటి మాట బొంగురుగా వచ్చింది, రెండోదానికి గొంతు తెరుచుకుంది. వరండా అంతా తిరిగి చూసింది. పైడమ్మ గోడకు ఆనుకుని, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియకుండా నిలబడిపోయింది.

“ఒగ్గీ నన్ను. కోసేత్తారంట” అంది ఆ ఆడమనిషి.

“నాకూ అలగే సెప్పినారు. బయ్యంగా ఉందా? నాకూ బయ్యమేసింది. ఇటు రా. ముందిది సూడు.” నూకరత్నం తల వెనక్కి వాల్చి నోరు బార్లా తెరిచింది. ఆ ఆడమనిషి మెల్లగా చెంగు దించి, వంగి, చూసింది. బెంచీల మీది వాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి వచ్చి తొంగి చూశారు.

“నొప్పెట్టినాదేటి?” అని అడిగింది ఆమె.

“నొప్పి కాదే. మాటాడకుండా కూకోడమే, సచ్చినంత పనయినాది. నీకూ అదే సెప్తారు, ఇను. పద లోపలికి, నానూ వొత్తాను.”

ఆ చెయ్యి వదలకుండా, తను అప్పుడే బయటికి వచ్చిన తలుపు వైపు నూకరత్నం మళ్లీ నడిచింది.